రాకపోతే అడిగేవాళ్లు

ప్రతి నెలా ఒకటో తారీఖున, పొద్దున్నే, చోడవరం వీధుల్లో సచివాలయం ఉద్యోగులు సంచీలో డబ్బు, చేతిలో వేలిముద్రల మిషను పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఒకప్పుడు రెండు వందలుండే వృద్ధాప్య పింఛను 2014 అక్టోబరులో వెయ్యి అయింది, 2019 మొదట్లో రెండు వేలు, మెల్లగా పెరుగుతూ 2024 జనవరికి మూడు వేలు, అదే ఏడు జూలై నుంచి నాలుగు వేలు. డబ్బు సంగతి అలా ఉంచండి. వయసు మళ్లినవాళ్ల గడపకి తప్పకుండా, చెప్పిన రోజుకి వచ్చే మనిషి ఎవరంటే చాలా ఇళ్లలో ఈ పింఛను ఉద్యోగి ఒక్కరే. చెరుకు నరికి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు మిషనుకి ఓ పట్టాన పడవు. కొబ్బరి నూనె రాసి, తుడిచి, ఇంకో వేలు పెట్టి చూస్తారు. ఆ కాసేపూ మామ్మ తన మోకాళ్ల నొప్పి గురించి, కోడలి గురించి, రాని కొడుకు గురించి చెప్పుకుంటుంది. వేలు పడగానే ఉద్యోగి లేచి పక్కింటికి వెళ్లిపోతాడు. అతని తప్పేం లేదు, మధ్యాహ్నానికల్లా జాబితా పూర్తి కావాలి. మళ్లీ పలకరింపు వచ్చే ఒకటో తారీఖుకే.

ఇంటికే తెచ్చివ్వడం మంచి పని. 2024 ఎన్నికల ముందు, ఇళ్లకి పింఛను తెచ్చే వాలంటీర్లను పక్కన పెట్టినప్పుడు ఏప్రిల్, మే ఎండల్లో ముసలివాళ్లు సచివాలయాల దగ్గర, బ్యాంకుల దగ్గర పడ్డ అవస్థ చూసినవాళ్లెవరూ పాత పద్ధతి కావాలనరు. అయితే ఈ సౌకర్యానికి ఇంకో పక్క కూడా ఉంది. పింఛను కోసం పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్న రోజుల్లో ఒక పూట అంతా కబుర్లే. ఎవరు పోయారు, ఎవరి మనవరాలికి సంబంధం కుదిరింది, ఎవరి కంటికి ఆపరేషను అయింది, అన్నీ అక్కడే తెలిసేవి. రేషను కూడా అంతే. 2025 జూన్ నుంచి బియ్యం మళ్లీ డిపోలో ఇస్తున్నా, 65 ఏళ్లు దాటినవాళ్లకి మాత్రం ఇంటికే పంపుతున్నారు. కాళ్లకి శ్రమ తగ్గింది. దాంతోపాటు బయటకి వెళ్లడానికి ఉన్న సాకు కూడా పోయింది. అవసరం లేకుండా ఊరికే బయటకి వెళ్లి కూర్చోవడం మన ఇళ్లలో పెద్దవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, అంత తేలిక కాదు. ‘ఎందుకూ?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు వాళ్ల దగ్గర ఉండాలి.

వృద్ధుల ఒంటరితనం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఒక బొమ్మ గీస్తారు: పిల్లలు అమెరికాలో, పెద్ద మేడలో ఇద్దరు ముసలివాళ్లు. అది ఉంది, కాదనను. కానీ లెక్కలు ఇంకో మాట చెబుతున్నాయి. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 దాటినవాళ్లు 10 కోట్ల 38 లక్షలు. 2017-18లో దేశమంతటా 45 ఏళ్లు పైబడిన డెబ్భై వేల మందికి పైగా జనాన్ని కలిసి చేసిన లాసీ అధ్యయనం ప్రకారం 60 దాటినవాళ్లలో పూర్తిగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు సుమారు ఆరు శాతమే. మిగతావాళ్లంతా భార్యతోనో, భర్తతోనో, పిల్లలతోనో, మనవలతోనో ఉంటున్నారు. అంటే ఒంటరితనం అనేది ఎక్కువగా నిండు ఇళ్లలోనే ఉంది. మనుషులుండీ మాట లేకపోవడం అది. ఈ తేడా పట్టించుకోకపోతే ఒంటరిగా ఉంటున్నవాళ్ల జాబితా రాసుకుని, వాళ్లింటికి ఎవరినో పంపి, పని అయిపోయిందనుకుంటాం.

చోడవరం సంగతే చూడండి. విశాఖ జిల్లాలో పాత తాలూకా కేంద్రం, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ చెరుకు, పక్కనే గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ, బెల్లానికి అనకాపల్లి మార్కెట్టు. ఇక్కడి పిల్లలందరూ ఊరొదిలి పోలేదు. చాలామంది ఇంట్లోనే ఉంటూ అచ్యుతాపురం సెజ్‌కో, పరవాడ ఫార్మా కంపెనీలకో షిఫ్టులకి వెళ్తారు. తెల్లారి కంపెనీ బస్సు, చీకటి పడ్డాక ఇల్లు, అన్నం, ఫోను, నిద్ర. కోడలు కూడా ఏదో ఒక పనికి వెళ్తుంది. మనవలు బడి నుంచి నేరుగా ట్యూషనుకి. పగలంతా ఇంట్లో మిగిలేది ముసలి మనిషి, టీవీ, గడియారం. వ్యవసాయం చేసిన రోజుల్లో మగవాడికి గట్టు ఉండేది, కళ్లం ఉండేది. గానుగ ఆడే రోజుల్లో బెల్లం పొయ్యి దగ్గర రాత్రంతా జనం ఉండేవారు, పాకం చూసే వయసు మళ్లిన మనిషి మాటకి విలువ ఉండేది. ఇప్పుడు పొలం కౌలుకి పోయింది, లేదా ప్లాట్లయింది. ఫ్యాక్టరీలో రిటైరైనవాడికి సీజను మొదలైందో లేదో పేపర్లో చూడటమే మిగిలింది. ఒంటరితనం ఇక్కడ పని పోవడంతో మొదలవుతుంది, మనిషి పోవడంతో ముదురుతుంది.

ఇది ఆరోగ్య సమస్య అని ప్రపంచం ఒప్పుకుని ఎంతో కాలం కాలేదు. 2010లో జూలియాన్ హోల్ట్-లున్‌స్టాడ్, ఆమెతో పనిచేసినవాళ్లు 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసి, గట్టి సామాజిక బంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం మిగతావాళ్ల కన్నా 50 శాతం ఎక్కువని తేల్చారు. బ్రిటన్ 2018లో ఒంటరితనానికి మంత్రిని పెట్టింది, జపాన్ 2021లో పెట్టింది. అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి 2023లో దీన్ని అంటువ్యాధి స్థాయి సమస్యగా ప్రకటించారు. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు, ఏటా ఎనిమిది లక్షల డెబ్భై వేల మరణాలకు దానితో సంబంధం ఉంది. ఇలాంటి అంకెలు భయపెట్టడానికి పనికొస్తాయి. ఏం చెయ్యాలో చెప్పవు.

ఏం చెయ్యాలో కాస్త చెప్పిన పాత సమీక్ష ఒకటుంది. 2005లో మిమా కట్టన్ బృందం 30 కార్యక్రమాలను పరిశీలించింది. పనిచేశాయని తేలిన పదింటిలో తొమ్మిది బృందంగా చేసినవి. అవి ఊరికే కూర్చోబెట్టినవి కావు, ఏదో నేర్పడమో, ఒకరికొకరు ఆసరా కావడమో వాటిలో ఉంది. పనిచెయ్యని ఎనిమిదింటిలో ఆరు ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి మాట్లాడటం, సలహాలివ్వడం, ఆరోగ్యం అడగడం లాంటివి. అంటే మనం ముందుగా తలపెట్టే ‘ఇంటికి వెళ్లి పలకరిద్దాం’ అనేది అంత బలమైన మందు కాదు. పలకరింపు అందుకునేవాడు అందుకునేవాడిగానే మిగిలిపోతాడు. ఇంకెవరికీ తన అవసరం లేదన్న బాధ తీరదు. జపాన్‌లో ఐచి ప్రాంతంలోని తాకెతోయో అనే పట్టణంలో 2007లో నడిచి వెళ్లేంత దూరంలో పెద్దల కూడళ్లు పెట్టి, వాటిని స్థానిక స్వచ్ఛంద కార్యకర్తల చేతికే, అందులో పెద్దవాళ్ల చేతికి కూడా, ఇచ్చారు. అక్కడికి వచ్చినవాళ్లలో ఐదేళ్లలో పరాధీనంగా మంచాన పడటం సుమారు సగానికి తగ్గిందని పరిశోధకులు రాశారు. సహజంగానే ఒక అనుమానం వస్తుంది: కాళ్లు బాగున్నవాళ్లే కదా అలాంటి చోటికి వస్తారు, వాళ్లు మంచాన పడకపోవడంలో వింతేముంది? ఆ పరిశోధకులు లెక్కల్లో ఈ తేడాని సరిచెయ్యడానికి ప్రయత్నించారు. అయినా ఈ రంగంలో ఎవరు పెద్ద ఫలితం చూపించినా ఆ అనుమానాన్ని కొంత దగ్గర పెట్టుకోవడం మంచిది. వచ్చినవాళ్లని లెక్కపెట్టడం తేలిక. రానివాళ్ల కోసమే కదా ఇదంతా.

ఇప్పుడు మన వీధిలోకి రండి. కొత్తగా ఏదో కట్టాలనే ముందు ఉన్నవేమిటో చూడాలి. చోడవరం అనగానే స్వయంభూ విఘ్నేశ్వరుడు. చవితి రోజుల్లో ఆ గుడి దగ్గర జనం సంగతి చెప్పనక్కర్లేదు. కానీ ఒంటరితనం విషయంలో పెద్ద గుడి కన్నా వీధి చివరి రామకోవెల ఎక్కువ పనిచేస్తుంది. శనివారం రాత్రి భజన దగ్గర కాసేపు నిలబడి చూడండి. హార్మోనియం దగ్గర ఒకాయన, డోలక్ మీద ఒకాయన, తాళాలు నలుగురి చేతుల్లో, అందులో డెబ్భై దాటినవాళ్లు ఉంటారు. చుట్టూ వినేవాళ్లు గోడకి చేరగిలబడి. హార్మోనియం ఆయన రాకపోతే భజన మొదలవదు. ఐదు నిమిషాలు చూసి ఎవడో కుర్రాడిని ఇంటికి తరుముతారు: ‘తాతకి ఒంట్లో ఎలాగుందో చూసిరారా.’ గోడ దగ్గర కూర్చుని వినే ముసలాయన రాకపోతే? రెండు మూడు వారాల దాకా ఎవరి కంటా పడదు. ఇద్దరూ భజనకి వచ్చేవాళ్లే, ఇద్దరికీ దేవుడి మీద భక్తే. కానీ ఒకడికి వంతు ఉంది, ఇంకొకడికి లేదు. నా దృష్టిలో ఈ మొత్తం ప్రశ్నకి కీలకం ఇక్కడుంది. మనిషిని జనంలో కూర్చోబెట్టినంత మాత్రాన ఒంటరితనం పోదు. తను రాకపోతే ఆగిపోయే పని ఒకటి, ఎంత చిన్నదైనా, చేతిలో ఉండాలి.

ఏకాహాలు, నామ సప్తాహాలు ఈ సంగతిని మన పూర్వులు ఎంత బాగా గ్రహించారో చూపిస్తాయి. ఇరవై నాలుగు గంటలో, ఏడు రోజులో నామం ఆగకూడదు. కాబట్టి వంతులు వేసుకుంటారు. నడిరాత్రి వంతు సాధారణంగా పెద్దవాళ్లే అడిగి తీసుకుంటారు, ఎలాగూ నిద్ర పట్టదు కనుక. నిద్ర పట్టకపోవడం జబ్బుగా కాక అక్కరకొచ్చే గుణంగా మారే చోటు అదొక్కటే. ఇవి ఏడాదికి ఒకసారో రెండుసార్లో జరుగుతాయి, మిగతా రోజుల మాటేమిటన్నది వేరే ప్రశ్న. దేవుడంటే ఇష్టం లేనివాళ్లు, వేరే మతం వాళ్లు, ఈ వీధి కోవెల మెట్లెక్కడానికి ఇప్పటికీ సంకోచించే పేటలవాళ్లు ఎక్కడ కూర్చోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. చర్చిలో ఆదివారం పూట పెద్దవాళ్లకి ఒక ముందువరస ఉంటుంది, మసీదులో ఐదు పూటల నడక ఉంటుంది. కానీ కులాన్ని, మతాన్ని దాటి ఒకే అరుగు మీద ముసలివాళ్లు కూర్చునే చోటు మన ఊళ్లలో వెతికితే తప్ప దొరకదు. ఊరంతటికీ ఒక్క కేంద్రం పెడితే ఎవరి వీధిలో పెడితే వాళ్లదే అవుతుంది. అందుకే చిన్నవి, ఎక్కువ చోట్ల.

ఆ లెక్కన గ్రంథాలయం మంచి చోటు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. శాఖా గ్రంథాలయంలో ఉదయం పేపరు కోసం వచ్చే పెద్దమనుషులను ఎవరూ కులం అడగరు. ఒక పేపరు నలుగురు పంచుకుంటారు, నడిమి పేజీ ఒకరికి, సినిమా పేజీ ఇంకొకరికి. రాజకీయం మీద వాదన మొదలైతే లైబ్రేరియన్ బల్ల తట్టాలి. 1914 నుంచి సభలు పెట్టి గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం పల్లెపల్లెకీ పఠన మందిరం అన్నప్పుడు చదువు కోసమే అని ఉండవచ్చు. వందేళ్ల తర్వాత అవి మిగిలిన చోటల్లా రిటైరైన మగవాళ్లకి మిగిలిన ఏకైక చావడి. మగవాళ్లకి అన్నమాట గమనించండి. అరవై దాటిన ఆడమనిషి పేపరు చదవడానికి అక్కడ కూర్చోవడం నేను అరుదుగా చూశాను.

పెన్షనర్ల సంఘాల కథా అంతే. 1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షను హక్కు అని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, ఆ రోజుని ప్రతి తాలూకా కేంద్రంలోనూ పెన్షనర్ల దినంగా చేసుకుంటారు. డీఏ బకాయిల మీద తీర్మానం, ఎనభై నిండినవాళ్లకి సన్మానం, భోజనం. బయటివాళ్లకి ఇది హక్కుల సంఘం. లోపలివాళ్లకి ఒకరినొకరు వదలకుండా పట్టుకునే తాడు. సభ్యుడు పోతే ఫ్యామిలీ పెన్షను కాగితాలు పట్టుకుని ఆయన భార్యని వెంటబెట్టుకుని ట్రెజరీకి తిరిగేది వీళ్లే. కాగితం పనితో మొదలైన ఆ పరిచయమే ఆవిడకి ఆ తర్వాత దిక్కవుతుంది. కానీ ఇది బడిపంతుళ్లకి, గుమస్తాలకి. జీవితమంతా కూలికి వెళ్లినవాడు ఏ సంఘానికీ సభ్యుడు కాడు. వాకర్స్ క్లబ్బులూ మధ్యతరగతి మగవాళ్ల వ్యవహారమే.

మరి ఆడవాళ్లు? ఆంధ్రదేశంలో ఆడవాళ్లని ఇళ్లలోంచి బయటకి తెచ్చి వారం వారం చాప మీద కూర్చోబెట్టిన వ్యవస్థ ఒకటే, డ్వాక్రా. పొదుపు, అప్పు, వడ్డీ అని అందరూ దాన్ని డబ్బు కోణంలోనే కొలిచారు. ఆ చాప మీద జరిగిన మాటలకి లెక్క లేదు. వయసు అరవై దగ్గర పడగానే ఆ మాట తెగిపోతుంది. పెద్దావిడకి పెద్ద అప్పు ఇవ్వడానికి బ్యాంకు వెనకాడుతుంది, ఆమె వాయిదా కట్టలేకపోతే తమ మీద పడుతుందని సంఘంలో మిగతావాళ్లు భయపడతారు. ‘అత్తా, నీ బదులు కోడల్ని చేర్చెయ్’ అంటారు. ఎవరూ గెంటేసినట్టు ఉండదు, కోడలు చేరుతుంది, అత్త మానేస్తుంది. పాతికేళ్లు ఠంచనుగా సంతకం పెట్టిన పుస్తకంలో ఆమె పేరు ఉండదు. భర్త పోయిన ఏడాదే ఇది కూడా జరిగితే ఆ దెబ్బ ఎలాంటిదో ఊహించండి. వృద్ధుల ఒంటరితనం మీద సదస్సులు పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయాన్ని పట్టుకున్నా చాలు.

ఇంత చెప్పాక, ఈ మధ్య ఒంటరితనం మీద జరిగిన పెద్ద పని ఏదని నన్నడిగితే, ఆ పేరు పెట్టుకోని పథకాన్నే చూపిస్తాను. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. చోడవరం కాంప్లెక్సులో మధ్యాహ్నం పూట ఎక్కే ముసలి ఆడవాళ్ల చేతిలో సంచీ చూస్తే తెలుస్తుంది. కూతురింటికి గోంగూర, చెల్లెలికి బెల్లం దిమ్మ, మాడుగుల వైపు వెళ్లేవాళ్ల దగ్గర మందుల సంచీ. టికెట్టు డబ్బు కొడుకుని అడగక్కర్లేదు. అడగక్కర్లేకపోవడమే సగం విడుదల. ఇంకో చిన్న మార్పు కూడా ఇలాంటిదే. ఒక నెల పింఛను తీసుకోకపోతే ఆ నెలది పోయే పద్ధతి వల్ల కూతురి దగ్గర పది రోజులుండటానికి వెళ్లినవాళ్లు కూడా ఒకటో తారీఖుకి పరుగెత్తుకొచ్చేవారు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇచ్చేలా 2024 చివర్లో మార్చారు. ఫైలులో ఒక్క పేరా. దానివల్ల ఎందరు తల్లులు కూతుళ్ల దగ్గర పండగ దాకా ఉండగలిగారో ఎవరూ లెక్కపెట్టలేదు, ఎవరైనా పెట్టాలి.

వీధిలో ఏదైనా మొదలుపెట్టేవాళ్లు ముందు చూసుకోవాల్సినవి ఉపన్యాసాల్లో వినిపించవు. మొదటిది మరుగుదొడ్డి. అరవై ఐదేళ్ల ఆడమనిషి రెండు గంటలు ఇంటి బయట ఉండాలంటే దగ్గర్లో వాడుకోదగ్గ మరుగుదొడ్డి ఉండాలి, అందులో పట్టుకోవడానికి ఏదో ఒక ఊత ఉండాలి. లేకపోతే ఆమె రాదు, ఎందుకు రాలేదో చెప్పదు కూడా. రెండోది కుర్చీ. చాపలు పరిచి రమ్మంటే మోకాళ్లు అరిగినవాళ్లకి రావద్దని చెప్పినట్టే. మూడోది చెవి. నలుగురిలో కూర్చుని మాట వినపడక, మాటిమాటికీ ‘ఏటి?’ అని అడగలేక, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వి, వచ్చే వారం మానేసే మనిషి ప్రతి వీధిలో ఉంటాడు. 2024 లాన్సెట్ కమిషన్ మతిమరుపు జబ్బుకి దారితీసే వాటిలో మనం సరిచెయ్యగలవి పద్నాలుగు అని జాబితా వేస్తే అందులో వినికిడి లోపమూ ఉంది, మనుషులకు దూరమవడమూ ఉంది. ఒకటి రెండోదానికి దారి తీస్తుంది. పేద వృద్ధులకి చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. యంత్రం ఇచ్చాక దాని బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో, చెవిలో కుయ్యిమంటే ఎవరు సరిచేస్తారో తెలియక అది డబ్బాలోనే ఉండిపోతుంది. బృందం అంటూ ఉంటే ఇలాంటివి అక్కడే సర్దుకుంటాయి. ఒకరు వాడుతుంటే చూసి ఇంకొకరు వాడతారు.

అక్టోబరు 1 ప్రపంచ వృద్ధుల దినం. ఆ రోజు శాలువాలు, అరటిపళ్లు, ఫోటోలు. దాని గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. యోగాంధ్ర మాత్రం ఆలోచింపజేస్తుంది. 2025 మే 21 నుంచి నెల రోజులు రాష్ట్రమంతా ఉదయాన్నే యోగాకని జనాన్ని మైదానాల్లోకి తెచ్చి, జూన్ 21న విశాఖ తీరంలో ప్రధాని సమక్షంలో మూడు లక్షల మందితో ముగించారు. రికార్డు సంగతి పక్కన పెడితే, ఆ నెల రోజులూ పెద్దవాళ్లు చాలామంది వచ్చారు, ఒకరికొకరు పరిచయమయ్యారు. జూన్ 22 ఉదయం ఆ మైదానం తాళం ఎవరి దగ్గరుంది? కొన్నిచోట్ల ఎవరో ఒకరు పట్టుదలగా సాగించారు. చాలాచోట్ల ఆగిపోయింది. పెద్ద సభ నిర్వహించడం మన యంత్రాంగానికి తెలిసినంతగా, ఇరవై మందిని ఇరవై నెలలు కలిపి ఉంచడం తెలియదు.

దక్షిణాదిలో కేరళ ఈ దారిలో ముందుంది. ఆడవాళ్ల పొదుపు సంఘాల వ్యవస్థ అయిన కుటుంబశ్రీ కింద వయసు మళ్లినవాళ్లకే పొరుగు సంఘాలు ఏర్పడ్డాయి. పగలు ఉండి సాయంత్రం ఇంటికి వెళ్లే పకల్ వీడులను పంచాయతీలు నడుపుతున్నాయి. 2025 మార్చిలో వృద్ధుల కమిషన్ కోసం శాసనసభ చట్టం చేసింది. ఆ రాష్ట్రంలో స్థానిక సంస్థలకి డబ్బూ ఉంది, అధికారమూ ఉంది. మన పంచాయతీకి రెండూ అరకొరే. కాబట్టి కేరళని చూసి పకల్ వీడు భవనాలు కట్టేస్తే రెండేళ్లకి అవి గోడౌన్లవుతాయని నా భయం. తీసుకోవాల్సింది ఆ సంఘం ఆలోచన.

మన దగ్గర చట్టానికి లోటు లేదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007 నుంచి ఉంది. ఆర్డీవో ట్రిబ్యునల్ ముందు దరఖాస్తు పెడితే పిల్లల చేత నెలకింత అని ఇప్పించవచ్చు. పెద్దల కోసం 14567 నంబరు ఉంది. అన్నం పెట్టమని కొడుకుని ట్రిబ్యునల్ ఆదేశించగలదు, పక్కన కూర్చుని మాట్లాడమని ఆదేశించలేదు. ప్రభుత్వానికి అంకెల భయం కూడా పట్టుకుంది. రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పాక, ఎక్కువ మందిని కనమని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు బహిరంగంగా కోరారు. ఇద్దరి కన్నా ఎక్కువ పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధననీ ఆ ఏడే ఎత్తేశారు. ఇప్పుడు పుట్టే పిల్లలు ఇప్పటి ముసలివాళ్లకి తోడు కాలేరు కదా.

విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్ల సంగతి కూడా ఇందులో భాగమే. విజిటర్ వీసా మీద ఆరు నెలలు, కారు నడపడం రాదు, నడిచి వెళ్లేంత దూరంలో మనిషి ఉండడు. అమెరికాలో అయితే గుళ్లలో, మిల్పిటాస్‌లోని ఇండియా కమ్యూనిటీ సెంటర్ లాంటి చోట్ల పెద్దల కోసం వారం వారం కార్యక్రమాలు ఉంటాయి. వెళ్లినవాళ్లు చెప్పేదొకటే: ఎవరో ఒకరు కారులో దించితేనే. దూరం అనే మాటకి అమెరికాలోనూ చోడవరంలోనూ అర్థం ఒకటే, తన కాళ్లతో తను వెళ్లి రాగలగాలి.

ఇక చెయ్యాల్సింది. కేంద్ర గ్రామీణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లోనే వృద్ధుల కోసం ప్రత్యేక సంఘాలు పెట్టుకోవచ్చని ఉంది. పది మంది అక్కర్లేదు, ఐదుగురు చాలు, మగవాళ్లు కూడా చేరవచ్చు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో హెల్ప్‌ఏజ్ ఇండియా ఇలాంటి పెద్దల సంఘాలను నిలబెట్టి చూపించింది. డ్వాక్రా పుస్తకంలోంచి పేరు పోయిన అత్తలతోనే చోడవరంలో ఇవి మొదలవ్వాలి. సంఘం నడపడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, పాతికేళ్లు చేసిన పనే. పొదుపు నెలకి యాభయ్యో వందో, ఉన్నా లేకపోయినా ఒకటే. వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా, పిల్లలు ఇంటికి రాకముందు ఇల్లు మరీ ఖాళీగా ఉండే వేళ. అంగన్వాడీ వరండా కావచ్చు, గ్రంథాలయంలో ఓ పక్క కావచ్చు, ఎవరి ఇంటి పంచ అయినా కావచ్చు. మరుగుదొడ్డి, కుర్చీలు చూసుకోవాలి. అందరికీ ఏదో ఒక వంతు ఉండాలి. టీ పెట్టడం ఒకరిది, పేపరు చదివి వినిపించడం ఒకరిది, బీపీ మాత్రలు అయిపోయినవాళ్ల పేర్లు రాసుకుని 104 బండి వచ్చిన రోజు చెప్పడం ఒకరిది. కొత్తగా తల్లయిన పిల్లకి కాయం, నలుగు సంగతులు చెప్పడానికి ఒకావిడ ఉంటుంది. వినడం, వినకపోవడం ఆ పిల్ల ఇష్టం.

మంచం దిగలేనివాళ్లు ఇందులో పడరు. వాళ్లెవరో సచివాలయానికి తెలుసు, పక్షవాతం లాంటి జబ్బులతో మంచానికే పరిమితమైనవాళ్లకి నెలకి పదిహేను వేల పింఛను ఇస్తున్నది అక్కడినుంచే. వాళ్ల దగ్గరికి సంఘమే వెళ్లాలి, ఇద్దరిద్దరు చొప్పున, వంతు ప్రకారం. ఇంటికి వెళ్లి పలకరించడం బలహీనమైన మందని పైన రాశాను. వెళ్లేవాళ్లు కూడా అదే వయసువాళ్లు, అదే వీధివాళ్లు అయితే అందులో కనీసం వెళ్లినవాళ్లకైనా మేలుంది, అది నా అంచనా మాత్రమే, ఎవరైనా కొలిచి చూడాలి. కొలిచేవాళ్లు హాజరు పట్టీలో ఎంతమంది వచ్చారో చూసి ఊరుకోకుండా ఇంకో గడి గీసుకోవాలి: ఈ వారం రానివాళ్లెవరు, వాళ్లింటికి ఎవరు వెళ్లారు, ఏమన్నారు. ‘ఒంట్లో బాగోలేదు’ అని రాసి వదిలెయ్యకూడదు. వినపడకా, కోడలు వద్దందా, పక్కన కూర్చునే మనిషితో పడలేదా, చెప్పులు తెగిపోయాయా అన్నది రాయాలి. వీటిలో చాలావాటికి మందు అదే వీధిలో దొరుకుతుంది.